వేళకు గడి లేదు

గంటలో ఇస్తామన్నారు. గంటంటే అరవై నిమిషాలేనా, ఈ ల్యాబులో దానికి వేరే కొలత ఏమైనా ఉందా అని అడగాలనిపించింది కానీ అడగలేదు. నలభై ఒకటో నంబరు చీటీ చేతిలో ఉంది, మోచేతి మడతలో దూది ఉంది, దూది కింద చిన్న మంట ఉంది. రక్తం తీయడం పెద్ద విషయం కాదు, ఈ నాలుగు నెలల్లో నా చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. అంతకుముందు కౌంటరు దగ్గర జరిగిందే నన్ను వదలడం లేదు. లోపలికొచ్చే ప్రతివాళ్లకీ జ్వరం చూడటం వీళ్ల పద్ధతట. కౌంటరు అమ్మాయి, పాతికేళ్లు కూడా ఉండవు, నా నాలుక కింద థర్మామీటరు పెట్టి, తీసి, ముప్పై ఏడు పాయింట్ ఒకటి అని రాసుకుంది. "అంత ఎందుకుంది? పొద్దున్న లేవగానే ముప్పై ఆరు పాయింట్ ఎనిమిదేగా," అన్నాను. ఆ పిల్ల తలైనా ఎత్తకుండా, "పొద్దెక్కే కొద్దీ పెరుగుతుంది కదండీ, అందరికీ అంతే. వెళ్లి కూర్చోండి," అంది. వెళ్లి కూర్చున్నాను. కూర్చున్న దగ్గర్నుంచి ఆ మాట చెప్పులో దూరిన రాయిలా ఉంది. పొద్దెక్కే కొద్దీ పెరుగుతుంది. ఈ సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా? పదకొండేళ్లుగా నాకు జీతమిస్తున్నదే ఆ ఒక్క మాట కదా.

నాది వాతావరణం ఆఫీసులో ఉద్యోగం. వాన వస్తుందా రాదా అని చుట్టాలందరూ నన్నే అడుగుతారు, రాకపోతే నన్నే తిడతారు. వాన సంగతి చెప్పేది పై గదిలో మ్యాపుల ముందు కూర్చునే వాళ్లు, నేను కాదు. నేను చూసి రాసేదాన్ని, అంతే. గడ్డి పెంచిన చిన్న మైదానంలో నాలుగు కాళ్ల మీద ఒక తెల్ల చెక్కపెట్టె నిలబడి ఉంటుంది, గోడలన్నీ పలకల సందులే, గాలి ఆడాలి ఎండ పడకూడదు. మూడు గంటలకొకసారి వెళ్లి తలుపు తీసి, శ్వాస తగిలితే పాదరసం కదులుతుందని ఊపిరి బిగబట్టి, పాయింటు తర్వాత అంకె దాకా చూసి, వచ్చి రిజిస్టరులో ఎక్కించాలి. తేదీకి ఒక గడి, వేళకు ఒక గడి, అంకెకు ఒక గడి, పొడి సంతకానికి ఒక గడి. తెల్లవారబోయే ముందు అన్నిటికన్నా తక్కువ, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు అన్నిటికన్నా ఎక్కువ. ఈ నేల మీద ఏ మైదానంలో పెట్టె పెట్టినా ఇంతే. నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను, నిజానికి చాలాసార్లు నిద్రలోనే ఉండి రాశాను కూడా, ఒక్క తప్పు లేకుండా.

తప్పు లేకుండా. ఆ మాట అనుకోవడం నాకెంత ఇష్టమో. ఉద్యోగంలో చేరిన వారం మా పెద్దాయన, అంటే మా సెక్షను అధికారి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అమ్మాయ్, మన పనిలో తెలివి అక్కర్లేదు, బుద్ధి ఉంటే చాలు," అన్నాడు. చూడనిది రాయొద్దు. గడి లేనిది రాయొద్దు, నీ కవిత్వం ఎవడిక్కావాలి. తప్పు రాశావనుకో, చెరపొద్దు, దిద్దొద్దు, అంకె మీద అడ్డంగా ఒక్క గీత కొట్టు, కింద ఉన్న తప్పు అందరికీ కనపడాలి, పైన సరైన అంకె వేసి పక్కన పొడి సంతకం పెట్టు. మా దగ్గర ఒకాయన ఉన్నాడు, అందరూ కునుకుబాబు అంటారు, ఆయన పేజీల్లో అంకెల కన్నా గీతలే ఎక్కువ. నా పేజీల్లో పదకొండేళ్లలో ఒక్క గీత లేదు. కొత్తగా చేరినవాళ్లకి పెద్దాయన నా రిజిస్టర్లు తెచ్చి చూపిస్తాడు. అప్పుడు నేను అటువైపు చూడనట్టు నటిస్తూ చెవులు రిక్కిస్తాను. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొస్తోంది? గుర్తు రాకుండా ఎలా ఉంటుంది, ఒడిలో సంచి ఉంది, సంచిలో డాక్టరమ్మ ఇచ్చిన చార్టు ఉంది, చార్టు నిండా నా చేతి అంకెలే ఉన్నాయి.

పెళ్లయి ఆరేళ్లు. మొదటి రెండేళ్లు మేమే తొందర లేదనుకున్నాం, తర్వాతి రెండేళ్లు తొందరపడ్డాం, ఆ తర్వాత రెండేళ్లు భయపడ్డాం. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు, ఇద్దరివీ. అన్నీ బాగుంటే మరి ఏది బాగాలేదు? డాక్టరమ్మ ఒక చార్టు తీసి ఇచ్చింది. "లేవగానే, మంచం దిగకముందే, నోట్లో థర్మామీటరు పెట్టుకుని చూసి రాయి. అండం విడుదలైన ఒకటి రెండు రోజుల్లో ఒళ్లు కొద్దిగా వెచ్చబడుతుంది. ఆ పెరిగింది అలాగే రెండు వారాలు దాటి నిలబడితే మనకు శుభవార్త," అంది. నాకు నవ్వొచ్చింది. గాలికి థర్మామీటరు పెట్టే మనిషికి నోట్లో థర్మామీటరు! ఇంతకన్నా నాకు నప్పే వైద్యం ఉంటుందా? ఇంటికి రాగానే మా ఆయనతో చెబితే ఆయన మర్నాడే మంచం తలవైపు బెత్తెడు పలక ఒకటి బిగించాడు, థర్మామీటరుకు గాడి, పెన్సిలుకు గాడి, చెయ్యి చాపితే అందేలా. ఆయన వడ్రంగి, సొంతంగా చిన్న షెడ్డు ఉంది, కుర్చీలూ తలుపులూ చేస్తాడు. కన్నీళ్లొచ్చినా కోపమొచ్చినా ఆయన చేసే పని ఒకటే, ఏదో ఒకటి బిగించడం.

ముప్పై ఆరు అందరికీ ఉండేదే, మాకు కావలసింది దాని వెనక అంకె. ఈసారి మొదట్లో మూడు, మూడు, రెండు, మూడు. తర్వాత ఒక రోజు హఠాత్తుగా ఎనిమిది. మర్నాడూ ఎనిమిదే. ఒక వారం అలాగే నిలబడింది. ఎనిమిదో రోజు మాత్రం నాలుగుకు జారింది, నా గుండె కూడా జారింది, ఫోను చేస్తే డాక్టరమ్మ, "ఒక్క రోజుకి పట్టించుకోకమ్మా," అంది. నిజంగానే మర్నాటి నుంచి మళ్లీ ఎక్కింది, ఎక్కింది దిగలేదు. ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. పద్నాలుగు దాటగానే మా ఆయన మాట్లాడటం తగ్గించాడు, గట్టిగా మాట్లాడితే ఏదో జారి పడిపోతుందన్నట్టు నడుస్తున్నాడు. షెడ్డులో ఒక పలక మీద రోజుకొక నిలువు గీత పెడుతున్నాడు పెన్సిలుతో, మొన్న భోజనం ఇవ్వడానికి వెళ్లి చూశాను. నన్ను చూసి దాన్ని గోడ వైపు తిప్పేశాడు. రేపో ఎల్లుండో ఆ పలకతో ఏం చేయాలనుకుంటున్నాడో నాకు తెలుసు. వెడల్పు చూస్తేనే తెలిసిపోయింది, ఉయ్యాల పక్కబల్ల.

నిద్ర వస్తోంది. ఎందుకు వస్తోంది, రాత్రంతా పడుకున్నాను కదా? ఈ వారం నాకు పొద్దుటి డ్యూటీ, ఐదింటికి లేచి ఆరింటికి ఆఫీసులో ఉండాలి, ఇవాళ సెలవు పెట్టినా ఐదింటికే కళ్లు తెరుచుకున్నాయి. మా డ్యూటీలు వారానికొకటి మారతాయి, పొద్దుటిది, రాత్రిది, మధ్యాహ్నానిది, మళ్లీ పొద్దుటిది. ఆఫీసు గోడ మీద చార్టు మారినంత తేలిగ్గా ఒళ్లు మారదు. ఒళ్లు రెండు రోజులు మొరాయిస్తుంది, రెండు రోజులు అలుగుతుంది, దారికొచ్చేసరికి వారం అయిపోతుంది. రాత్రి డ్యూటీ వారాల్లో పగలు పరదాలు వేసుకుని పడుకుని మధ్యాహ్నం మూడింటికి లేస్తాను. లేచిన క్షణంలో ఏది ఉదయమో ఏది సాయంత్రమో నాకు తెలియదు. కిటికీ అంచున పడిన వెలుగు వస్తున్నదో పోతున్నదో తెలియదు. ఒకసారి అలా లేచి పళ్లు తోముకుని, మా ఆయనకూ నాకూ కాఫీ రెండు కప్పులు పెట్టి, ఆయన పక్కన లేకపోతే ఇంత పొద్దున్నే ఎక్కడికి పోయాడా అని వీధిలోకి తొంగి చూస్తే బడి పిల్లలు సంచులు మోసుకుంటూ ఇంటికి తిరిగొస్తున్నారు. ఆయనకు ఈ బాధ లేదు. రాత్రి పది కొడితే ఎక్కడుంటే అక్కడ ఒరిగిపోతాడు, పొద్దున ఆరింటికి ఎవరో మీట నొక్కినట్టు లేస్తాడు. ఒకే మంచం మీద రెండు వేళలు కాపురం చేస్తున్నాయని మా అత్తగారు కూడా ఒకసారి నవ్వింది, నవ్వి వెంటనే నా భుజం తట్టింది. మంచి మనిషి, నన్నెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. అడగకపోవడం కూడా వినపడుతుంది.

మధ్యాహ్నం మూడింటికి లేస్తాను.

లేవగానే, మంచం దిగకముందే, థర్మామీటరు పెట్టుకుంటాను.

పొద్దెక్కే కొద్దీ పెరుగుతుంది కదండీ, అందరికీ అంతే.

ఓరి దేవుడా. కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను, లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను. సంచిలోంచి చార్టు తీశాను. దాని వెనకే మడత పెట్టి ఉన్న మా డ్యూటీల కాగితం తీశాను. రెండూ ఒడిలో పక్కపక్కన పరిచి వేలు పెట్టి చూస్తున్నాను, తేదీకి తేదీ. మూడు, మూడు, రెండు, మూడు అని ఉన్న వారం పొద్దుటి డ్యూటీ, తెల్లవారుజామున ఐదింటి అంకెలు. హఠాత్తుగా ఎనిమిది అయిన రోజు, మేమిద్దరం కాగితం పట్టుకుని వంటింట్లో గంతులేసిన రోజు, నా రాత్రి డ్యూటీ మొదలైన మర్నాడు. అది మధ్యాహ్నం మూడింటి అంకె. ఏడు రోజుల ఎనిమిదీ మధ్యాహ్నం మూడింటివే. నేను తెల్లవారుజాము అంకె పక్కన మిట్టమధ్యాహ్నం అంకె పెట్టి, అబ్బ ఎంత పెరిగిందో అని మురిసిపోయాను. పెరిగింది నా కడుపు పుణ్యం కాదు, పెరిగింది పొద్దు. తెల్లపెట్టె దగ్గర ఇలాంటి పోలిక ఎవరైనా చేస్తే ఆ మనిషిని పెద్దాయన గేటు దాకా తరుముతాడు. మరి నేనెలా చేశాను? పదకొండేళ్లు వేళ రాసి రాసి నా వేళ్లకు కాయలు కాచాయి కదా, ఈ కాగితం మీద ఎందుకు రాయలేదు? చూశాను. గడి లేదు. చార్టులో తేదీకి గడి ఉంది, అంకెకు గడి ఉంది, వేళకు గడి లేదు. డాక్టరమ్మ తప్పు కాదు, లోకంలో అందరూ పొద్దున్నే లేస్తారు, లేవగానే అంటే పొద్దున్నే అని వేరే చెప్పాలా? గడి లేనిది రాయొద్దు. రాయలేదు. బుద్ధిమంతురాలిని.

పక్క కుర్చీలో నిండు నెలల ఆవిడ నా వంక చూసి, "ఏమైందమ్మా, కళ్లు తిరుగుతున్నాయా? ఇదిగో, నీళ్లు తాగు," అని సీసా ఇచ్చింది. తాగాను. "మొదటిదా?" అంది. అవునన్నాను, కాదన్నాను, తెలియదన్నాను, మూడూ వరసగా. ఆవిడ నవ్వింది. "నాకూ అలాగే ఉండేది. ఆసుపత్రిలో నర్సుని, రాత్రి డ్యూటీలు. మూడో నెల దాకా నమ్మలేదు నేను. రాత్రులు మానెయ్యమన్నారు, మానేశాను. ఒంటికి కూడా ఒక పద్ధతి కావాలి కదమ్మా, దాన్ని ఎన్నిసార్లని తికమక పెడతాం?" పేరు పిలిస్తే ఆవిడ మెల్లగా లేచి వెళ్లిపోయింది, సీసా నా దగ్గరే వదిలేసి. తికమక పెట్టింది నేనా, అదా? పరీక్ష చేసి చెప్పాల్సిన వాళ్లెవరూ ఆ సంగతి అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు.

అయితే ఈ నాలుగు నెలలూ? మొదటి చార్టులు చూసి డాక్టరమ్మ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేది, ఈ నాలుగు రోజులు ముఖ్యం అని. ఆ సున్నాలు చుట్టింది నా అంకెల్ని చూసి. నా అంకెలు చూపింది నా డ్యూటీల్ని. అంటే మా ఆఫీసు గోడ మీద చార్టు ప్రకారం కాపురం చేశామన్నమాట. రెండో నెలలో ఒక ఎర్ర సున్నా రోజు ఆయన స్నేహితుడి కొత్తింటికి తలుపులు బిగించడానికి వెళ్లి ఆలస్యంగా వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే నిద్రపోయాడు. మర్నాడు నేను అనకూడని మాట అన్నాను. "మీకు పిల్లలు వద్దంటే వద్దని చెప్పండి, ఈ నాటకం ఎందుకు?" అన్నాను. మూడు రోజులు మాట్లాడలేదు. ఆయన వంటింటి అలమర తలుపు కిర్రుమంటోందని ఊడదీసి మళ్లీ బిగించాడు. ఆ రోజు ఆ రోజే కాదు. అది ఏ రోజూ కాదు. ఎంత తప్పు మాట అన్నానో ఇప్పుడు తెలుస్తుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఎదురు గోడ మీద బొద్దుగా ఉన్న పాప బొమ్మ నవ్వుతోంది, దాని మొహం చూడలేక చెప్పుల వైపు చూశాను.

మరి ఇప్పుడు? ఏడు రోజులు పోతే మిగిలింది పదకొండు. పదకొండు దేనివి? ఒళ్లు పెరిగిందా పెరగలేదా? లెక్క తెగడం లేదు. ఒక పక్క అంతా అబద్ధమనిపిస్తుంది, ఇంకో పక్క ఛాతీలో ఈ సలుపు అబద్ధమా అనిపిస్తుంది, వాసనలు ఇంత గట్టిగా తగలడం అబద్ధమా, ఈ నిద్ర అబద్ధమా. కానీ నిద్ర సంగతి నేను చెప్పకూడదు, డ్యూటీ మారితే చాలు నాకు సలుపులూ వికారాలూ అన్నీ ఉంటాయి. ఎందుకో ఆ వాన రోజు గుర్తొచ్చింది. రాత్రి డ్యూటీ వారంలో చివరిది ముగించుకుని పొద్దున ఇంటికి వస్తుంటే కుండపోత. తలుపు తీసేసరికి ఆయన షెడ్డుకు వెళ్లకుండా ఇంట్లోనే ఉన్నాడు, కరెంటు లేదు, వీధి అంతా మోకాలి లోతు నీళ్లు. నా తల తుడుస్తూ, "మీ ఆఫీసువాళ్లు ఇవాళ ఎండ కాస్తుందన్నారుగా," అన్నాడు. "నేను కాదండీ చెప్పింది, పై గదివాళ్లు," అన్నాను. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను, నవ్వడం ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. ఆ రోజుకు ఎర్ర సున్నా లేదు. సున్నాలు ఎప్పుడో అయిపోయాయి, రోజులు దాటిపోయాయి, ఇక చేయాల్సిందేమీ లేదు, అందుకే హాయిగా ఉంది. కొన్ని నెలల తర్వాత మొదటిసారి నేను తేదీ గురించి ఆలోచించలేదు. మధ్యాహ్నం లేచాక మాత్రం ఎప్పటిలాగే థర్మామీటరు పెట్టుకున్నాను. ఎనిమిది. ఆ మర్నాడే నాలుగుకు జారింది, ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ, పొద్దున ఎనిమిదింటికి లేచాను.

"నలభై ఒకటి!"

కాగితం మడిచి ఇచ్చారు. మెట్లెక్కి డాక్టరమ్మ గదికి వెళ్లేదాకా విప్పలేదు. చూడనిది రాయొద్దు, విప్పనిది నమ్మొద్దు. ఆవిడ విప్పింది, కళ్లజోడు సవరించుకుంది, ఒకసారి కాగితం వంక, ఒకసారి నా చార్టు వంక చూసింది. చూసే పద్ధతిని బట్టే అర్థమైపోయింది. "ఉంది," అంది. "ఉందమ్మా, కానీ..." ఆ కానీ దగ్గర గది కొంచెం వంగింది. "గర్భం హార్మోను ఇరవై రెండే వచ్చింది. పద్దెనిమిదో రోజుకు ఇది వందల్లో ఉండాలి. ఇంత తక్కువ ఉందంటే నిలబడేది కాకపోవచ్చు. ఎల్లుండి మళ్లీ చూద్దాం, కానీ నువ్వు ఎక్కువ ఆశ పెట్టుకోకు. మీ ఆయనకు కూడా నెమ్మదిగా చెప్పు." ఉంది, కాకపోవచ్చు. రెండు మాటలూ ఒకే నోట్లోంచి ఒకే ఊపిరిలో వచ్చాయి. దేనికి ఏడవాలో తెలియలేదు. "పదకొండో రోజుకైతే?" అని అడిగాను. నా గొంతేనా అది? ఆవిడ అర్థం కానట్టు చూసి, "పదకొండో రోజుకైతే ఇరవై రెండు చక్కగా సరిపోతుంది. కానీ నీ చార్టు పద్దెనిమిదని చెబుతోందిగా. నీ చార్టంత శుభ్రంగా ఎవరూ రాయరు," అంది.

నోరు తెరవబోయి ఆగాను. అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఇప్పటిదాకా ఏడు రోజులు తప్పని ఏడ్చాను, ఇప్పుడు ఆ తప్పే కావాలి నాకు. కావాలి కాబట్టి తప్పంటున్నానా? ఆశ కోసం అంకె మార్చిన వాళ్లను చూశాను నేను, వాన పడనందుకు రైతులు బాధపడుతున్నారని లేని జల్లు రాసిన ఒకణ్ణి పెద్దాయన ఉద్యోగంలోంచి తీయించాడు. రెండు అబద్ధాల్లో నాకు నచ్చింది ఏరుకుంటున్నానా? ల్యాబులో కూర్చున్నప్పుడే అనుకున్నాను కదా, ఈ కాగితం పైకి రాకముందే. అనుకున్నాను. కానీ అనుకున్నది సాక్ష్యం కాదు. సాక్ష్యం కావాలి. చార్టు లాక్కున్నాను, నిజంగానే లాక్కున్నాను ఆవిడ చేతిలోంచి. పెద్దాయన గొంతు వినిపించింది, అమ్మాయ్, ఏ వేళను ఆ వేళతోనే పోల్చు. మధ్యాహ్నాలు పక్కన పెట్టు. ఎనిమిదింటివి పక్కన పెట్టు. ఐదింటిని ఐదింటితో చూడు. రాత్రి డ్యూటీకి ముందు వారం ఐదింటికి లేచినప్పుడు మూడు, మూడు, రెండు, మూడు. ఈ వారం మళ్లీ పొద్దుటి డ్యూటీ, మళ్లీ ఐదింటికే లేస్తున్నాను, అదే మంచం, అదే థర్మామీటరు, అదే చీకటి. ఎనిమిది, ఎనిమిది, ఏడు, ఇవాళ ఎనిమిది. ఆ పెరిగింది పొద్దుది కాదు. ఐదింటికి పొద్దే ఎక్కలేదు.

చెప్పాను. డ్యూటీల కాగితం పరిచి, మధ్యలో తడబడి, వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. డాక్టరమ్మ కళ్లజోడు తీసేసింది. "నీవి షిఫ్టు డ్యూటీలా? నాలుగు నెలల్నించీ నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది. "మీరు అడగలేదండీ. గడి కూడా లేదు," అన్నాను. ఆవిడ డ్యూటీల కాగితం తన వైపు తిప్పుకుంది. "అడగాల్సింది," అంది, నాతో కాదు, తనతోనే. "అయితే అండం విడుదలైంది ఎప్పుడంటావు?" ఆ నాలుగుకు జారిన రోజు మీద వేలు పెట్టి, "ఇది పట్టించుకోవద్దన్నారు కదండీ. దీని ముందు రోజు. వాన పడ్డ రోజు," అన్నాను. చెవులు వేడెక్కాయి. ఆవిడ నవ్వలేదు, కానీ నవ్వాపుకున్న మొహం నాకు తెలుసు. "మరి నేను చార్టులో దిద్దుకోనా?" అని పెన్సిలు రబ్బరు తీసింది. వద్దని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పెన్ను అడిగి తీసుకున్నాను. చార్టు అడుగున ఎన్నో రోజన్న గడిలో నేను వేసిన పద్దెనిమిది మీద అడ్డంగా ఒక్క గీత కొట్టాను, కింద అంకె కనపడేలా. పైన పదకొండు వేశాను. పక్కన పొడి సంతకం పెట్టాను. పదకొండేళ్లలో నా మొదటి గీత అది, వంకరగా వచ్చింది. ఆవిడ వచ్చే వారం రాత్రి డ్యూటీ వద్దని మా ఆఫీసుకు ఉత్తరం రాసిచ్చింది. "ఇది ఇంకా ఏమీ కాదు, తెలుసుగా. రెండు రోజుల్లో ఈ అంకె రెట్టింపు అవ్వాలి. అయితేనే. ఎల్లుండి సరిగ్గా ఇదే వేళకు రా," అంది. ఇదే వేళకు అన్న మాట నాకు ఎంత నచ్చిందంటే మెట్లు దిగుతున్నంతసేపూ దాన్నే అనుకున్నాను.

బయట ఎండగా ఉంది. ఎంత ఎండగా ఉందంటే, ఇది ఏ వేళో నాకు సందేహం లేదు, పన్నెండు కావస్తోంది, నా నీడ నా కాళ్ల దగ్గరే ఉంది. ఫోను ఒక్కసారి మోగగానే ఎత్తాడు. వెనక రంపం చప్పుడు లేదు, షెడ్డులో పనంతా ఆపించి కూర్చున్నాడన్నమాట.

"ఏమైంది?"

"ఉందిటండీ. కానీ ఇంకా తెలియదు. ఎల్లుండి మళ్లీ చూడాలట."

అటువైపు స్టూలు జరిపి లేచిన చప్పుడు వినిపించింది.

"ఇంకోటి చెప్పాలి. ఆ రోజు మీ స్నేహితుడింటి తలుపుల గురించి తిట్టాను కదా మిమ్మల్ని. తప్పు నాది. ఇంటికొచ్చాక చెబుతాను, పెద్ద కథ. మన లెక్క తప్పండీ. పద్దెనిమిది కాదు, పదకొండే."

"పదకొండేనా?" పలక ఎత్తిన చప్పుడు, గోడకు తగిలిన చప్పుడు. పాపం, తడుముకుంటున్నాడు. "అయితే ఒక ఏడు చెరిపేయనా? ఇక్కడ ఉప్పు కాగితం ఉంది, రుద్దితే మచ్చ కూడా ఉండదు."

"చెరపకండి," అన్నాను. కళ్లలో నీళ్లు దేనికో అర్థం కాలేదు, అర్థం కానక్కర్లేదనిపించింది. "వాటి మీద అడ్డంగా ఒక్క గీత కొట్టండి, కిందవి కనపడాలి. పక్కన మీ పొడి సంతకం పెట్టండి. ఇవాళ్టి తేదీ వేసి, వేళ కూడా రాయండి."